లెక్క తేలని గేదె

గేదె నెమరేస్తూ తేన్చినప్పుడు బయటికొచ్చే గాలిని లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా పెళ్ళయిన కొత్తలో మా ఆయన అడిగారు. ఉద్యోగమే. ఇరవై మూడేళ్ళుగా నేను చేస్తున్నది అదే. ఆ గాలి పేరు మీథేన్. అది పైకెక్కి, బొగ్గుపొగతో పాటు భూమికి దుప్పటి కప్పి ఉడకబెడుతుంది. అందుకని ప్రతి దేశమూ తను వదిలే ఇలాంటి వాయువులెన్నో ఏటేటా లెక్క రాసి ప్రపంచానికి చూపించాలి. మన లెక్కలో గోదావరి జిల్లాల గేదెల వాటా రాసేది పశుసంవర్ధక శాఖ గణాంకాధికారిణి కొప్పర్తి హైమవతి, అంటే నేను.

రాసేవాళ్ళుంటే తప్పులు పట్టేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని సమీక్షకులంటారు. ఒక దేశం లెక్కను వేరే దేశాల సమీక్షకులు ముందేసుకుని ప్రశ్నలు పంపుతారు. ఆ ప్రశ్నలకి జవాబులు రాసి రాసి నా వేళ్ళు వంకర్లు తిరిగాయి. ఒకసారి ఏదో మంచుదేశం పెద్దమనిషి, "మీ గేదెలు రోజుకి ఎంతసేపు నీళ్ళలో పడుకుంటాయో ఆధారాలతో తెలుపగలరు" అని అడిగాడు. మే నెల ఎండలో గట్టున కూర్చుని, చేతిలో వాచీ పెట్టుకుని చూశాను. చచ్చేలోగా ఒక్కసారైనా ప్రశ్నలడిగే కుర్చీలో నేను కూర్చోవాలని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ఆ కుర్చీ ఎక్కాలంటే శిక్షణ పొంది పరీక్ష నెగ్గాలి. రెండుసార్లు వేరే ఊళ్ళకెళ్ళి తప్పాను. నాకు ముక్కు మీద కోపం, రెండుసార్లూ దానివల్లే తప్పాను. ముచ్చటగా మూడోసారి తప్పితే మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు.

ఈసారి శిక్షణ కేంద్రం మా కాకినాడలోనే, వాకలపూడి రోడ్డులో ఉంది. దాన్ని నడిపే డాక్టర్ శేషఫణి గారు సన్నగా, పొడుగ్గా ఉంటారు. జేబునిండా యాలకులు పోసుకుని తిరుగుతారు, మాట మాటకీ ఒకటి నోట్లో వేసుకుంటారు. మొదటి రోజు ఆయన మా ఇరవైమందినీ తలా ఒక తెర ముందు కూర్చోబెట్టారు.

"ఇన్నాళ్ళూ కాగితం మీద ఉత్తుత్తి దేశాల లెక్కలిచ్చి మీకు శిక్షణనిచ్చాం. అది నేల మీద ఈత నేర్పడం. ఇప్పుడు నేను నిజం దేశాలు తయారుచేశాను," అన్నారాయన. "మీ తెరలో ఉన్నది కంప్యూటర్లో పుట్టిన దేశమే. కానీ అందులో వానలున్నాయి, వరిచేలున్నాయి, సిమెంటు కొలుములున్నాయి, జనం ఉన్నారు, మంత్రులున్నారు."

"మంత్రులెందుకండీ?" అని అడిగాను.

"మంత్రులు లేకపోతే లెక్కల్లో సహజమైన తప్పులు రావమ్మా."

నా దేశానికి కేంద్రం వాళ్ళు పెట్టిన పేరు నలభై ఒకటో నంబరు. అక్కడి జనం మాత్రం మెరకసీమ అంటారు. తెరమీద కిటికీ తెరవగానే ఓ పాతికేళ్ళు దాటిన మనిషి, తలకి నూనె రాసి, పాపిట తీసి, చొక్కా పైబొత్తం కూడా పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నమస్కారమండి మేడం గారూ. నా పేరు వెలగల బుల్లిరాజండి. మా దేశం గాలి లెక్కలు రాసేది నేనేనండి. ఉద్యోగంలో జేరి నాలుగు రోజులైందండి. తప్పులుంటే కాయండి."

అచ్చం మా కోనసీమ యాస. మాటతీరు గోదావరి జిల్లాల వ్యవసాయ ప్రసారాల నుంచి తీసుకున్నానని శేషఫణి గారు చెప్పారు. నేను గొంతు సవరించుకుని, ఇరవై మూడేళ్ళుగా దాచుకున్న దర్జా అంతా బయటికి తీసి మొదటి ప్రశ్న అడిగాను. "మీ సిమెంటు కొలుములు మూడంటున్నారు. సున్నపురాయి తవ్వింది చూస్తే అయిదు కొలుములకి సరిపోయేంత ఉంది. మిగతా రెండూ ఏవీ?"

బుల్లిరాజు చెమటలు తుడుచుకున్నాడు. "ఓటి మంత్రిగారి తోడల్లుడిదండి. రెండోది కనుక్కుని సెప్తానండి," అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. కిటికీ మూసి టీకి వెళ్ళాను.

పావుగంటలో తిరిగొచ్చేసరికి ఆయన చొక్కా మారింది, పొద్దున తుమ్ముతున్న తుమ్ములు పోయాయి. "వారం రోజులు మంచాన పడ్డానండి," అన్నాడు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. దేశం లెక్కంటే ఒక్క ఏడాదిది కాదు. పాతిక ముప్పై ఏళ్ళ లెక్కలు ఒకదానికొకటి పొంతన కుదరాలి. అంటే శిక్షణ జరిగే మూడు వారాల్లోనే ఆ దేశం ఇరవై ఎనిమిదేళ్ళు బతకాలి. కిటికీ తెరిచినంతసేపూ వాళ్ళ కాలం మన కాలంతో సమానం. మూసేస్తే మన గంట వాళ్ళకి నెల. నేను భోజనం చేసొస్తే అక్కడ నెల గడుస్తుంది. సాయంత్రం ఇంటికెళ్ళి పొద్దున్నే వస్తే పదహారు నెలలు. శని, ఆదివారాల సెలవు కలిసొస్తే అయిదేళ్ళకు పైమాట.

మూడో రోజు పొద్దున్న కిటికీ తెరిస్తే బుల్లిరాజు గారు జిలేబీ ప్లేటు తెరకి అడ్డంగా పెట్టి చూపించారు. ఆడపిల్ల పుట్టిందట, కుసుమ అని పేరు పెట్టారట. రెండ్రోజుల కిందట ఆయనకి పెళ్ళే కాలేదు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేసొచ్చి కూర్చుంటే, ఆయన నన్ను ఎగాదిగా చూసి మొహమాటపడుతూ అడిగారు.

"ఏమనుకోవద్దు మేడం గారూ. నెల తరవాత కనపడ్డా అదే చీరలో ఉన్నారు. మొన్నా అంతే, అంతకుముందూ అంతే. మా ఆవిడ బెంగెట్టుకుందండి. పంపే దారుంటే ఓ చీర పంపుదును అంటాందండి."

నా జన్మలో ఇంత పరువు పోలేదు. మర్నాటి నుంచి రెండో చీర సంచిలో పెట్టుకెళ్ళి, మధ్యాహ్నం కట్టుకునేదాన్ని.

మా ఆయన పేరు కామేశ్వర్రావు. మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పొద్దున్నే నేను సంచిలో చీర సర్దుకోవడం మూడ్రోజులు చూసి, నాలుగో రోజు సాయంత్రం కంచం ముందు కూర్చుని అడిగేశారు.

"హైమా, రోజుకి రెండు చీరలేంటి? అక్కడెవరున్నారు?"

"బుల్లిరాజు గారు."

ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అంతా విడమరచి చెప్పేసరికి పప్పు చల్లారింది. ఆ తరవాత మాత్రం మా ఆయన రోజూ స్కూలు నుంచి రాగానే, చెప్పులైనా విప్పకుండా, "కుసుమ ఎన్నో తరగతికొచ్చింది? రెండో సిమెంటు కొలిమి ఎవరిదో తేలిందా?" అని మొదలుపెట్టేవారు. మా మెట్టకూరు మరదలి పిల్లల పేర్లు ఆయనకి ఈనాటికీ గుర్తుండవు.

రెండో వారం సోమవారం నాకు పెద్ద చేప దొరికింది. అప్పటికి మెరకసీమలో పదకొండేళ్ళు గడిచాయి. బుల్లిరాజు గారికి ముప్పై ఎనిమిదేళ్ళొచ్చి, చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది. నేను పాల లెక్కను గేదెల లెక్కతో భాగించి చూశాను. ఒక్కో గేదె రోజుకి పద్నాలుగు లీటర్లిస్తోంది, పెయ్యలూ ఒట్టిపోయినవీ కలిపి! ఊళ్ళ వెంబడి తిరిగిన మనిషిని, ఎక్కడి గేదెలు ఎంతిస్తాయో నాకు తెలీదా?

"మేలుజాతి గేదెలండి," అన్నారు బుల్లిరాజు గారు, బల్లవైపు చూస్తూ.

"బుల్లిరాజు గారూ!"

ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించారు. "మీ దగ్గర దాపరికమేంటండీ. మావోళ్ళు ఎన్ని గేదెలున్నాయంటే ఒకటి తగ్గించి సెప్తారండి. రెండుంటే ఒకటంటారు. మూడుంటే రెండంటారు. దిష్టి తగిలి పాలు విరిగిపోతాయని బయ్యం."

"మరి ఒక్కటే ఉన్నవాడు?"

"అది మా బామ్మర్దిదండి, మేపుకోమని వదిలేడండి అంటాడండి."

నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. మా జిల్లాల్లోనూ సరిగ్గా ఇంతే. నా ఉద్యోగంలో గేదెల లెక్క నిజంగా చెప్పిన రైతు ఒక్కడే తగిలాడు, వాడు అంతకుముందు రోజు సంతలో అన్నీ అమ్మేశాడు. అందుకని మేం ఇంటికొకటి కలిపి రాసుకుంటాం. ఎందుకు కలిపామో ఏ కాగితం మీదా రాయం, రాస్తే కాకిలెక్కలంటారు. శేషఫణి గారు ఈ దేశాన్ని కట్టింది మేం అలా సరిచేసి పంపిన లెక్కలతోనే. వాటిలో దిష్టి భయం ఎక్కడా లేదు. మరి వీళ్ళకెలా వచ్చింది?

ఆయన గదికి వెళ్ళి అడిగాను. "దిష్టి మీరు పెట్టారా?"

"నేనా! నేను సైంటిస్టునమ్మా!" అన్నారాయన నొచ్చుకుని. తరవాత వెతికారు. గంటసేపు వెతికారు. ఆయన వాడిన ప్రసారాల్లో దిష్టి అన్న మాట మూడుసార్లుంది. మూడూ దిష్టికి కట్టే బూడిద గుమ్మడికాయల సాగు గురించే. ఆయన యాలకు నమలడం మానేశారు.

"ఎలా వచ్చిందో నాకు తెలీటం లేదు. లెక్కల్లోంచే ఏదో పుట్టి ఉంటుంది. అదంతా గణితం."

"భయం పుట్టిందంటే, పోతుందేమోనని బెంగ ఉన్నట్టే కదండీ. దేన్నో ప్రేమిస్తేనే కదా ఆ బెంగ!"

"గణితమమ్మా," అన్నారు మళ్ళీ, ఈసారి కాస్త మెల్లగా.

గేదెల అసలు లెక్క తెమ్మని మెరకసీమకి ప్రశ్న పంపాను. ఎలా తేవాలో చెప్పకూడదు, సమీక్షకులకి అది నిషిద్ధం. బుల్లిరాజు గారు మూడేళ్ళు తల బద్దలు కొట్టుకున్నారు. నాకది రెండ్రోజులు. బుధవారం మధ్యాహ్నం ఆయన మొహం వెలిగిపోతూ కనిపించారు.

"దొరికిందండి మేడం గారూ! గేదెల లెక్క రాసే ఫారం ఉందికదండీ, దాని మూల కాటికచుక్క ఎట్టి ఇమ్మన్నానండి. దిష్టేదో ఆ కాయితానికే తగులుద్ది, గేదెకి తగలదు అని సెప్పించానండి. అంతేనండి, జనం బారులు తీరి నిజం సెప్పేత్తన్నారు. బామ్మర్దుల గేదెలు కూడా ఇంటికొచ్చేశాయండి!"

మూడు లక్షల ఫారాల మీద మూడు లక్షల కాటుకచుక్కలు పెట్టించిన మనిషిని చూసి నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మాకు ఇరవై మూడేళ్ళలో తట్టని ఉపాయం అది. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మా ఆయన పీటమీంచి లేచి చప్పట్లు కొట్టారు.

శుక్రవారం నాటికి ఆ సంబరం పోయింది. నా పక్క సీటులో కర్నూలు నుంచి వచ్చిన ఓబుళరెడ్డి గారని పరిశ్రమల శాఖ ఇంజినీరు ఉండేవాడు. చురుకైనవాడు, వారం ముందే తన దేశం ప్రశ్నలన్నీ ముగించి నివేదిక మీద సంతకం పెట్టాడు. ఆయన దేశం లెక్కలు రాసేది ఓ ముసలావిడ. ఆవిడ తెరమీద, "చాలా సంతోషం బాబూ, ఈసారి మా మామిడిపళ్ళ కాలంలో..." అంటోంది. మాట సగంలోనే తెర తెల్లబడిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"తుడిచేశారక్కా. రూలంట," అని ఆయన సమోసా కొరికాడు.

శేషఫణి గారి గదిలోకి కోపంగా వెళ్ళాను. నివేదిక పూర్తవగానే దేశాన్ని తుడిచెయ్యాలన్న రూలు చూపించారాయన. "తుడవకపోతే ఈ బ్యాచ్ అడిగిన ప్రశ్నలన్నీ ఆ దేశం వాళ్ళు వచ్చే బ్యాచ్‌కి చెప్పేస్తారు. పేపరు లీకైనట్టు కాదూ? మూడుచోట్ల పరీక్షలు రద్దు చేయించుకున్నవాణ్ణి, నా బాధ నాకు తెలుసు," అన్నారు.

"వాళ్ళు మనుషులండీ!"

"గణితమమ్మా."

"మా ఆయన భయాలు కూడా గణితమే అనుకోండి. అంతమాత్రాన స్కూలు సెలవులివ్వగానే ఆయన్ని తుడిచేస్తామా?"

ఆయన యాలకుల కోసం జేబులో వెతికి, చెయ్యి ఖాళీగా బయటికి తీశారు. ఇప్పుడు నా సంగతి చూడండి. నివేదిక పూర్తిచేస్తే నేను నెగ్గుతాను, మెరకసీమ పోతుంది. జవాబు రాని ప్రశ్న మిగిలి పూర్తికాకపోతే మెరకసీమ ఉంటుంది, నేను మూడోసారి తప్పుతాను, జీవితాంతం వాచీ పట్టుకుని గట్టున కూర్చుంటాను.

మూడో వారం రోజులు పరుగెత్తాయి. టీ తాగడం మానేశాను. భోజనం తెర ముందే, కిటికీ తెరిచిపెట్టుకుని చేసేదాన్ని, వాళ్ళకి నెలలు ఊరికే గడిచిపోకుండా. బుల్లిరాజు గారు నా కారియరులోకి తొంగిచూసి, "ఇయ్యాల ఆనపకాయాండీ?" అని పలకరించేవారు. ఇంటికి వెళ్ళక తప్పదు కాబట్టి రాత్రికి పదహారు నెలలు పోతూనే ఉన్నాయి.

గురువారం కుసుమ పెళ్ళి. ఆ పిల్ల కూడా చదువుకుని తండ్రి ఆఫీసులోనే చేరింది. "మీరొచ్చే రోజు చూసుకునే ముహూర్తం ఎట్టించామండి. పంతులుగారు ముందు ఒప్పుకోలేదు, మేడం గారు రాకపోతే పెళ్ళే లేదన్నానండి," అన్నారు బుల్లిరాజు గారు. తెర తీసుకెళ్ళి పందిట్లో ముందువరసలో కుర్చీమీద పెట్టారు. ఎవరో దానికి గంధం పూశారు, నాకు సగం పెళ్ళి పసుపుపచ్చగా కనిపించింది. నేను ఇక్కడ పట్టుచీర కట్టుకుని, ఆఫీసు కుర్చీలో కూర్చుని అక్షింతలు వేశాను. అవి కీబోర్డులో పడ్డాయి.

పెళ్ళయ్యాక ఆయన తెర ముందుకొచ్చి కూర్చున్నారు. యాభై నాలుగేళ్ళ మనిషి, బట్టతల, కళ్ళజోడు. "ఇంక ఒక్క ప్రశ్నే మిగిలిందండి, ఈ ఏటి గేదెల మొత్తం. వచ్చేసారికి అదీ ఇచ్చేత్తానండి. మా దేశంలో రిటైర్మెంటు యాభై ఐదుకండి, సరిగ్గా సరిపోద్ది. ఇరవై ఎనిమిదేళ్ళ లెక్కలో ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పి ఇంటికెల్తాను. మరి ఆ తరవాత మీరేం చేత్తారండీ?"

నాకు అబద్ధమాడటం రాదు. ఆ ఒక్క కారణంచేతే రెండు ప్రమోషన్లు పోయాయి. ఉన్నదంతా చెప్పేశాను. పందిట్లో సన్నాయి వాయిస్తూనే ఉన్నారు. ఆయన కళ్ళజోడు తీసి, కొత్తపంచె అంచుతో చాలాసేపు తుడిచారు.

"అంటే లెక్కల్లో తప్పులున్నన్నాళ్ళే మేం ఉంటామన్నమాట."

"అవునండి."

"ఆ తప్పులన్నీ ఏరేసింది నేనే కదండీ."

"అవునండి."

"మా మంత్రిగారికి సెప్పనాండీ?"

"చెబితే ఏం చేస్తారు?"

"కమిటీ ఏత్తారండి," అన్నారు. అని, పందిట్లో వంగి చెప్పులు వెతుక్కుంటున్న కూతురివైపు చూస్తూ ఉండిపోయారు. ఆయనకి చెప్పి తప్పు చేశానా అనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు. "ఇందులో ఇంత ఆలోచించడానికేముంది? నేను విజిల్ ఊదందే ఆట అయిపోయినట్టు కాదు. నువ్వూ ఊదకు. ఇంకో ప్రశ్న అడుగు," అన్నారు.

"లేని తప్పు ఉందని అడగలేనండీ. శేషఫణి గారు కొట్టేస్తారు. ఆయన కొట్టేయకపోయినా నేను అడగలేను."

"నిజమే, నీకది చేతకాదు." ఆయన ఇంకో కాయ ఈనె తీసి, "ఒకవేళ నిజంగా తప్పు దొరికి అడిగావే అనుకో, నువ్వు తప్పుతావు కదా?" అన్నారు.

"తప్పుతాను."

"రెండుసార్లు అలవాటైనదేలే. ఈసారీ నేనే స్టేషనుకొచ్చి ఏడవొద్దని చెప్తాను," అన్నారు. శిక్షణ ఊళ్ళోనే అని గుర్తొచ్చి, "అదే, ఆటో స్టాండుకి," అని దిద్దుకున్నారు. నేను నవ్వలేక ఏడ్చాను.

శుక్రవారం పొద్దున తొమ్మిది నుంచి మెరకసీమ ఇరవై ఎనిమిదేళ్ళ లెక్కల్ని జల్లెడ పట్టాను. ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి దొరుకుతుందేమోనని. వరిచేలలో నిలిచిన నీళ్ళు చూశాను, ఎరువులు చూశాను, చెత్తకుప్పలు చూశాను. మంత్రిగారి తోడల్లుడి కొలిమీ, దాచిన ఆ రెండోదీ కూడా బొగ్గు బస్తాలతో సహా రాసి ఉన్నాయి. ఇంత శుభ్రమైన లెక్క నా సర్వీసులో చూడలేదు. ఆ మనిషి నిజాయితీని తలుచుకుని తిట్టుకున్నాను. బుల్లిరాజు గారు పొద్దుట్నుంచీ తెరముందుకు రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తారులే అనుకున్నాను.

నాలుగూ నలభైకి ఆయనొచ్చారు. మొదటి రోజులాగే చొక్కా పైబొత్తం పెట్టుకున్నారు. ఒక కాగితం తెరకి ఆనించి, పక్కకి చూస్తూ నిలబడ్డారు.

కూడి చూశాను. జిల్లాలన్నీ కలిపితే ఆరు లక్షల పన్నెండు వేల నాలుగు వందల ఎనిమిది గేదెలు. కింద దేశం మొత్తం అని రాసిన చోట ఆరు లక్షల పన్నెండు వేల నాలుగు వందల ఏడు.

మళ్ళీ కూడాను. అంతే. ఇరవై ఎనిమిదేళ్ళలో బుల్లిరాజు గారు కూడికలో తప్పిన రోజు లేదు. గేదెల్ని దాచొద్దని ఊరూరా తిరిగి జనాన్ని మార్చిన మనిషి, రిటైరయ్యే రోజున ఒక్కదాన్ని తనే దాచేశాడు.

"బుల్లిరాజు గారూ," అన్నాను. ఆయన తలెత్తలేదు.

శేషఫణి గారు ఎప్పుడొచ్చారో, నా భుజం వెనక నిలబడి కాగితం చూస్తున్నారు. "ఒక్క గేదె! ఆరు లక్షల్లో ఒకటి! అదెంత తేన్చుతుందమ్మా? వెయ్యికొకటి తేడా ఉన్నా వదిలేయొచ్చని మన పుస్తకంలోనే ఉంది. అయిదవుతోంది. సంతకం పెట్టండి, మీరు పాసైనట్టే. వచ్చే నెల బృందంలో మీ పేరు నేనే పంపిస్తాను," అన్నారు.

ఇరవై మూడేళ్ళు కోరుకున్న కుర్చీ అది. ఒక్క సంతకం దూరంలో ఉంది. లేదనను, నా చెయ్యి కలం దాకా వెళ్ళింది. పందిట్లో వంగి చెప్పులు వెతుక్కుంటున్న ఆ పిల్ల గుర్తొచ్చింది.

"వదిలేయొచ్చు అని ఉందండి. వదిలేయాలి అని లేదు," అన్నాను.

"హైమవతి గారూ!"

"నేను గేదెల లెక్కలు రాసేదాన్నండి. ఒక గేదె కనపడకపోతే ఊరుకోను. నా అలవాటు అది."

కీబోర్డు ముందుకు లాక్కుని ప్రశ్న రాశాను. జిల్లాల కూడికకూ దేశం మొత్తానికీ మధ్య ఒక గేదె తేడా ఉన్నది, సదరు గేదె ఎక్కడున్నదో విచారించి తెలుపగలరు.

బుల్లిరాజు గారు చదివారు. మొదటిసారి నా కళ్ళలోకి చూశారు. "అలాగేనండి మేడం గారూ. ఊరూరా తిరిగి ఎతకాలండి. కాత్త టైం పడుద్దండి."

"ఎంత పట్టినా పరవాలేదు. బాగా వెతకండి. తొందరపడి దొరకబుచ్చుకోవద్దు."

ఆయన రెండు చేతులూ జోడించారు. అయిదయింది. నేను కిటికీ మూశాను.

శేషఫణి గారు రిజిస్టరు తెరిచి నా పేరుకెదురుగా "అసంపూర్ణం" అని రాశారు. తరవాత రూళ్ళ పుస్తకం తీసి పైకి చదివారు. జవాబు రావలసిన ప్రశ్న ఒక్కటి ఉన్నా సమీక్ష ముగిసినట్టు కాదు, సమీక్ష ముగియనిదే దేశాన్ని తుడవరాదు. రెండుసార్లు చదివి, "ఈ రూలు రాసినవాణ్ణి అనాలి," అని విసుక్కున్నారు. రాసింది ఆయనే. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి నా చేతిలో రెండు యాలకులు పెట్టారు.

ఆటోలో జగన్నాథపురం వంతెన దాటేదాకా ఏడ్చాను. ఆ కుర్చీ ఇక నాది కాదు, దాని కోసం ఏడ్చాను. చేసిన పనికి మాత్రం ఏడవలేదు. స్టాండులో మా ఆయన విజిలు మెడలో వేసుకునే నిలబడి ఉన్నారు. చేతిలో కాజాల పొట్లం ఉంది. ఫెయిలైనందుకు కాజాలేంటండీ అంటే, "మనకి కాదు, కుసుమ పెళ్ళివి. మనవైపు నుంచి ఊళ్ళో పంచాలి కదా," అన్నారు.

ఆదివారం శేషఫణి గారు ఫోన్ చేశారు. ప్రశ్న అడిగినవాళ్ళే జవాబొచ్చిందో లేదో చూసుకోవాలట, అది నా బాధ్యతట, సోమవారం తొమ్మిదింటికల్లా రావాలట. ఇంకా ఎన్ని సోమవారాలండీ అంటే, "అది మీ గేదెని అడగండి," అని పెట్టేశారు.

సోమవారం కొత్త చీర కట్టుకుని వెళ్ళాను. మెరకసీమలో అయిదేళ్ళ నాలుగు నెలలు గడిచి ఉంటాయి. కిటికీ తెరిస్తే బుల్లిరాజు గారి కుర్చీలో ముప్పై ఏళ్ళ అమ్మాయి, పక్కన ఇంత ఎత్తు ఫైళ్ళతో కూర్చుని ఉంది. తలంబ్రాల చీరలో చూసిన మొహమే, కాస్త నిండింది.

"నమస్కారమండి మేడం గారూ. నేను కుసుమనండి. నాన్నగారు రిటైరయ్యాక ఈ సీట్లోకి నేనొచ్చానండి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు తప్పితే బాగానే ఉన్నారండి. మిమ్మల్ని అడిగినట్టు సెప్పమన్నారు."

"గేదె సంగతేమైందమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. ఫైలు తెరిచి, నిటారుగా కూర్చుని, తండ్రిలాగే గొంతు సవరించుకుంది.

"అయిదేళ్ళుగా నాలుగు జిల్లాలు జల్లెడ పట్టామండి. ఎక్కడా దొరకలేదండి. ఇంకా ఇరవై మూడు జిల్లాలు ఉన్నాయండి."

కళ్ళు తుడుచుకుని, కలం తీసి, ఆ నాలుగు జిల్లాల్లో ఏ ఏ ఊళ్ళు వెతికారో ఒక్కొక్కటే చెప్పమన్నాను.